టర్కీ బర్గర్ లోపలిదాకా ఉడకాలి, రసమూ పోకూడదు

అమ్మడూ,

ఆశీస్సులు. క్రిస్మస్‌కి పిల్లలకి టర్కీ బర్గర్లు చేస్తానన్నావు. తప్పకుండా చెయ్యి. కాకపోతే టర్కీ మాంసంలో కొవ్వు తక్కువ. భయపడి ఎక్కువసేపు వేయిస్తే గొంతు దిగదు. ఎండిపోతుందేమోనని తొందరగా దింపితే లోపల పచ్చి మిగిలిపోతుంది. ప్యాటీ, అంటే బన్ను మధ్య పెట్టే కైమా బిళ్ల, నడిమధ్యలో 74 డిగ్రీల సెల్సియస్ రాగానే దింపెయ్యి. అంతకు ముందు దింపితే ప్రమాదం, ఆ తర్వాత ఉంచితే పొడిబారుతుంది. రసం సంగతి మాత్రం పెనం మీద తేలేది కాదు, కైమా కలిపేటప్పుడే తేలిపోతుంది.

టర్కీ కోడి అన్ని కొట్లలోనూ దొరకదు కాబట్టి ముందే చెప్పి పెట్టుకో. తొడ మాంసం రెండు పాళ్లు, రొమ్ము మాంసం ఒక పాలు తీసుకో. ఉత్త రొమ్ము మాంసంతో చేస్తే ఎవరి చేతిలోనైనా ఎండిపోతుంది. స్కిన్ తీసేయకుండా ఇమ్మను. అది కూడా కైమాలో పడితే ఆ కొవ్వే ప్యాటీని కాపాడుతుంది. ఇంటికి తెచ్చేటప్పుడు హార్బర్ నుంచి చేపలు తెచ్చుకునే థర్మాకోల్ పెట్టెలో ఐసు వేసి తే. పచ్చి మాంసం బయట రెండు గంటలకు మించి ఉండకూడదు. మన ఎండాకాలంలోలాగా 32 డిగ్రీలు దాటితే గంటే. ఫ్రిజ్‌లో 4 డిగ్రీలు, లేదా అంతకన్నా చల్లగా ఉండాలి. కైమా ఒకటి రెండు రోజులకి మించి దాచకు.

మాంసం కడగొద్దు. పసుపూ ఉప్పూ వేసి నాలుగు నీళ్లు పొయ్యకపోతే మన వాళ్లకి మనసొప్పదని తెలుసు. కానీ కడిగితే క్రిములు చావవు, పంపు నీళ్లతో చింది సింకు మీదికీ, పక్కనున్న కొత్తిమీర మీదికీ చేరతాయి. వాటిని చంపేది వేడే. తడి ఉంటే పేపర్ టవల్‌తో అద్దెయ్యి, చాలు. ముక్క మాంసానికి క్రిములు ఎక్కువగా పైపైనే ఉంటాయి. కైమా కొట్టగానే పైనున్న సాల్మొనెల్లా, క్యాంపైలోబ్యాక్టర్ లాంటి జబ్బు చేసే క్రిములు లోపలంతా కలిసిపోతాయి. పైన ఎర్రగా కాలినా కైమా ప్యాటీని నమ్మకూడదనేది ఇందుకే.

కైమా ఇంట్లోనే కొట్టుకో. మాంసం అంగుళం ముక్కలు కోసి, పళ్లెంలో పరిచి, అంచులు గట్టిపడేదాకా, అంటే ఇరవై ముప్పై నిమిషాలు, డీప్ ఫ్రీజర్‌లో పెట్టు. మిక్సీ జార్ కూడా చల్లగా ఉండాలి. కొంచెం కొంచెంగా వేసి, ఆపి ఆపి తిప్పు. ఒకే బిగిన తిప్పితే జార్ వేడెక్కి, కొవ్వు కరిగి, మాంసం పేస్టయిపోతుంది. అలాంటి కైమాతో చేసిన ప్యాటీ రబ్బరులా సాగుతుంది. పని అయ్యాక జార్ బ్లేడు కింద చూడు, రబ్బరు వాషర్ చుట్టూ సన్నటి కైమా పోగులు అంటుకుని ఉంటాయి. పైపైన కడిగితే పోవు. బ్లేడు ఊడదీసే వీలుంటే ఊడదీసి, సబ్బు పెట్టి వేడినీళ్లతో కడుగు. మర్నాడు అదే జార్‌లో పచ్చడి చేస్తాం కదా.

ఇక కలపడం. అర కిలో కైమాకి ఒక బ్రెడ్ స్లైసు అంచులు తీసి తుంపి, మూడు టేబుల్ స్పూన్ల పాలలో నానబెట్టి మెత్తగా చిదుపు. ఈ బ్రెడ్ ముద్ద నీళ్లని పట్టి ఉంచుతుంది, మాంసం మరీ గట్టిగా బిగుసుకోనివ్వదు. గడ్డకట్టిన వెన్న 25 గ్రాములు తురుము. ఉల్లిపాయ సన్నగా తరిగి, వేయించి, పూర్తిగా చల్లార్చి వెయ్యి. పచ్చి ఉల్లిపాయ నీళ్లు ఊరి ప్యాటీ పగులుతుంది. పచ్చిమిర్చి, కొత్తిమీర, అర టీస్పూన్ మిరియాల పొడి నీ ఇష్టం. అల్లం వెల్లుల్లి ముద్ద ఒక టీస్పూను చాలు, అదీ వేశాక ఎక్కువసేపు నిలవ ఉంచకు. పచ్చి అల్లానికి మాంసాన్ని మెత్తబరిచే గుణం ఉంది. రాత్రంతా ఉంచితే కైమా జావగారిపోతుంది.

ఉప్పు అన్నిటికన్నా చివర, ఒక టీస్పూను. ఉప్పు పడగానే మాంసంలోని మాంసకృత్తులు కరిగి ఒకదానికొకటి అతుక్కోవడం మొదలెడతాయి. సాసేజ్‌కి అదే కావాలి, బర్గర్‌కి అదే చేటు. అందుకని ఉప్పు వేశాక వేళ్లతో తేలిగ్గా అటూ ఇటూ కలిపి వదిలెయ్యి, చపాతీ పిండిలా పిసకకు. రుచి చూడటానికి పచ్చి కైమా నాలుక మీద పెట్టకు. రూపాయి బిళ్లంత తీసి పెనం మీద పూర్తిగా వేయించి చూడు.

నాలుగు సమాన ఉండలు చేసి, రెండు సెంటీమీటర్ల మందాన, బన్ను కన్నా చుట్టూ అర సెంటీమీటరు పెద్దగా ఒత్తు. వేగేటప్పుడు అంచులు ముడుచుకుని నడుమ ఉబ్బుతుంది కాబట్టి మధ్యలో బొటనవేలితో చిన్న గుంట పెట్టు. అరగంట ఫ్రిజ్‌లో ఉంచు, అంతకు మించొద్దు. ఈలోగా చేతులు ఇరవై సెకన్లు సబ్బుతో రుద్ది కడుక్కో. టమాటా, కీరా మాంసం ముట్టుకోకముందే వేరే బల్ల మీద కోసి పక్కన పెట్టి ఉండాలి.

మందపాటి ఇనప పెనం మధ్యస్థం మంట మీద కాగాక ఒక చెంచా నూనె వేసి ప్యాటీలు పెట్టు. ఐదు నిమిషాలు కదపకు. అడుగు ఎర్రబడితే దానంతటదే ఊడి వస్తుంది. తిప్పి, మంట కాస్త తగ్గించి, మూత పెట్టి ఇంకో నాలుగైదు నిమిషాలు ఉంచు. అట్లకాడతో అదమకు. చుయ్యిమని వినిపించేది నువ్వు ఇంతసేపూ కాపాడిన రసమే.

థర్మామీటరు ఖర్చని మానెయ్యకు తల్లీ. సూది మొనతో ఉండే డిజిటల్‌ది కొను. ముందుగా పరీక్షించు. దంచిన ఐసులో కొంచెం నీళ్లు పోసి ముంచితే సున్నా, మరిగే నీళ్లలో 100 చూపాలి. మనది సముద్రం ఒడ్డు కాబట్టి 100, అదే అరకులో అయితే ఎత్తు వల్ల నీళ్లు 97 దగ్గరే మరుగుతాయి. ప్యాటీకి పైనుంచి గుచ్చకు, పక్క నుంచి సూది మొన సరిగ్గా నడిమికి వచ్చేలా గుచ్చు. ప్రతి ప్యాటీనీ చూడు, గుచ్చిన ప్రతిసారీ సూదిని సబ్బుతో కడుగు. 70 దగ్గర ఉంటే మూత పెట్టి ఇంకో నిమిషం ఆగు. రంగుని నమ్మకు. బాగా ఉడికినా కొన్నిసార్లు గులాబీ రంగు పోదు, ఉడకకముందే తెల్లబడటమూ ఉంది. కారే రసం తేటగా ఉందన్నదీ సాక్ష్యం కాదు.

దింపేటప్పుడు వేరే పళ్లెం, కడిగిన అట్లకాడ. మూడు నాలుగు నిమిషాలు అలా వదిలెయ్యి, రసం సర్దుకుంటుంది. ఈలోపు బన్నులు వెన్న రాసి కాల్చుకో.

మయోనైజ్ ఇంట్లో పచ్చి గుడ్డుతో కొట్టకు. 2024లో తెలంగాణ ప్రభుత్వం పచ్చి గుడ్ల మయోనైజ్‌ని ఏడాదిపాటు నిషేధించింది కూడా. గుడ్డలో వడగట్టిన గట్టి పెరుగులో వెల్లుల్లి, ఉప్పు, నిమ్మరసం కలిపితే టర్కీకి బాగా నప్పుతుంది.

మిగిలిన పచ్చి ప్యాటీల మధ్య బటర్ పేపర్ పెట్టి అప్పుడే డీప్ ఫ్రీజర్‌లో పెట్టెయ్యి. వాడే ముందురోజు రాత్రి ఫ్రిజ్ కింది అరలోకి, అంచున్న గిన్నెలో దించు, గట్టు మీద కరగనివ్వకు. వండినవి మిగిలితే రెండు గంటల్లో ఫ్రిజ్‌లోకి వెళ్లాలి, మూడు రోజుల్లో అయిపోవాలి. వేడి చేసేటప్పుడు చెంచాడు నీళ్లు చిలకరించి మూత పెట్టు, మళ్లీ 74 చూసుకుని పెట్టు.

ఆశీస్సులతో,
పెద్దమ్మ
విశాఖపట్నం