పైకప్పు లేని కారుకు స్ప్రింగులు ఎంచుకునే ముందు

చిరంజీవి మేనల్లుడికి,
మావయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. కొత్తగా కొన్న రెండు సీట్ల కన్వర్టిబుల్‌లో టైరుకూ మడ్‌గార్డుకూ మధ్య ఉన్న ఖాళీ నీకు నచ్చలేదనీ, కారును 35 మిల్లీమీటర్లు దించే స్ప్రింగులు చూసిపెట్టుకున్నాననీ, అవి మంచివో కావో చెప్పమనీ రాశావు. స్ప్రింగు మంచిదా చెడ్డదా అన్నది దాన్ని విడిగా చేతిలో పట్టుకుని తేల్చగలిగే సంగతి కాదు. అది ఏ కారులో, ఏ షాక్ అబ్జార్బరు మీద, ఎంత ఖాళీ మిగిలేలా కూర్చుంటుందో తెలిస్తేనే ఏమైనా చెప్పగలం. నేను అంటున్నది నీ కంటికి కనబడుతున్న ఖాళీ కాదు, లోపల కనబడకుండా ఉన్నది.

షాక్ అబ్జార్బరు కడ్డీ మీద బంప్ స్టాప్ అనే మెత్తటి దిమ్మె ఒకటి ఉంటుంది. చక్రం గతుకెక్కి పైకి లేచినప్పుడు స్ప్రింగు కుంగుతుంది. ఆ కుంగుడు హద్దు దాటబోతే దిమ్మె అడ్డుపడుతుంది. కారు నిలిచి ఉన్న స్థితి నుంచి దిమ్మెను తాకేదాకా చక్రం లేవగల దూరమే నీ సస్పెన్షన్‌కు ఉన్న అసలు ఆస్తి. లెక్క కోసం ఆ దూరం 60 మిల్లీమీటర్లు అనుకుందాం. 35 దించితే మిగిలేది 25. స్ప్రింగు తనలోకి తీసుకునే శక్తి కుంగిన దూరపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి, ఇదివరకు 60 మిల్లీమీటర్లలో అణగిపోయిన దెబ్బను ఇప్పుడు 25లోనే అణచాలంటే స్ప్రింగు దాదాపు ఆరు రెట్లు గట్టిదై ఉండాలి. రోడ్డు మీద నడిపే కారుకు అంత గట్టి స్ప్రింగు ఎవరూ అమ్మరు, వేసినా ఎవరూ భరించలేరు. అంటే మిగిలిన దెబ్బంతా దిమ్మె మీదే పడుతుంది. అదే 15 మాత్రమే దించితే 45 మిగులుతుంది, అవసరమయ్యే గట్టిదనం రెండు రెట్లకు లోపే ఉంటుంది. ఇరవై మిల్లీమీటర్ల తేడా చూపుకు చిన్నదే కానీ, పనిలో ఇంత పెద్దది.

ఇది నేను కష్టపడి నేర్చుకున్న విషయం. నీ వయసులో నా తొలి ఓపెన్ కారుకు, మెకానిక్ భరోసా ఇచ్చాడని, పాత షాక్ అబ్జార్బర్లు అలాగే ఉంచి బాగా పొట్టి స్ప్రింగులు వేయించాను. నున్నటి రోడ్డు మీద కారు నాకు ఎంతో నచ్చింది. ఒక వేగమైన మలుపు మధ్యలో చిన్న గతుకు తగలగానే వెనక చక్రం దిమ్మెకు తగిలి, ఆ క్షణంలో ఆ మూల గట్టిదనం ఒక్కసారిగా పెరిగిపోయి, టైరు పట్టు వదిలేసింది. కారు అడ్డంగా తిరిగి రోడ్డు అంచున ఆగింది. ఎదురుగా బండి రాలేదు కనుక ఈ రోజు నీకు ఈ ఉత్తరం రాయగలుగుతున్నాను. అందుకే ఈ ఒక్క విషయంలో నేను పట్టుబడతాను.

షాక్ అబ్జార్బర్ల సంగతికి వస్తే, స్ప్రింగును కుంగనివ్వడం, మళ్లీ ఊగకుండా ఆపడం వాటి పని. స్ప్రింగు 30 శాతం గట్టిపడితే దాన్ని అదే తీరున అదుపు చేయడానికి షాక్ అబ్జార్బరు బలం సుమారు 14 శాతం పెరగాలి, ఎందుకంటే ఆ అవసరం గట్టిదనపు వర్గమూలాన్ని బట్టి పెరుగుతుంది. కొత్త షాక్ అబ్జార్బర్లయితే ఈ కొద్దిపాటి లోటును ఎలాగో నెట్టుకొస్తాయి. ఏళ్ల తరబడి తిరిగి అరిగినవి నెట్టుకురాలేవు. గతుకు దాటాక కారు రెండు మూడు సార్లు ఊగుతూ పోతుంది, స్ప్రింగు గట్టిది కాబట్టి ఆ ఊగుడు ఇంకా చురుగ్గా ఉంటుంది. కాబట్టి డబ్బు ఒక్కదానికే సరిపోతే ముందు మంచి షాక్ అబ్జార్బర్లు కొను, పాత స్ప్రింగుల మీదే వాటిని బిగించు. నీకు కావలసిన కారు అందులోనే దొరికే అవకాశం చాలా ఉంది. రెండూ కొంటున్నట్లయితే, ఒకదానికొకటి సరిపడేలా ఒకే చోట తయారైన జత తీసుకో. పాత స్ప్రింగునే కోయిస్తే చవకగా అయిపోతుందని ఎవరైనా చెబితే వినకు. కోసిన స్ప్రింగు చక్రం వేలాడినప్పుడు తన గూటిలోంచి జారే ప్రమాదం ఉంటుంది.

నీది కన్వర్టిబుల్ కావడం వల్ల ఇంకొక లెక్క చేరుతుంది. మామూలు కారులో పైకప్పు పెట్టెకు మూతలాగా నిలిచి బాడీ మెలిపడకుండా చూస్తుంది. నీ కారులో ఆ మూత లేదు. గతుకుల రోడ్డు మీద ముందు అద్దం చట్రమూ డాష్‌బోర్డూ సన్నగా వణకడం నువ్వు ఈపాటికే గమనించి ఉంటావు. స్ప్రింగులు గట్టిపడే కొద్దీ రోడ్డు నుంచి వచ్చే దెబ్బకు లొంగేది స్ప్రింగు ఒక్కటే కాదు, బాడీ కూడా. అప్పుడు చక్రం కోణాలు నువ్వు పెట్టిన చోట నిలవవు, తలుపులు కిర్రుమంటాయి, సాఫ్ట్ టాప్ (మడిచిపెట్టే గుడ్డ కప్పు) అతుకుల దగ్గర నీళ్లు కారడం మొదలవుతుంది. 1962లో వచ్చిన లోటస్ ఎలాన్‌ను ఇప్పటికీ పెద్దలు మెచ్చుకునేది దాని మెత్తటి స్ప్రింగులను చూసే. వెన్నెముకలాంటి ఉక్కు చాసిస్ ఆ కారును మెలిపడకుండా నిలబెట్టింది కాబట్టి సస్పెన్షన్‌ను ధారాళంగా కదలనివ్వగలిగారు. మనం చాసిస్‌ను మార్చలేం కానీ, కారు అడుగున బిగించే అడ్డపట్టీలు నీ మోడల్‌కు దొరికితే స్ప్రింగుల కంటే ముందు వాటి మీద ఖర్చు పెట్టమని చెబుతాను.

మలుపులో ఒరుగు ఎక్కువగా ఉందన్నదే నీ బాధ అయితే, దానికి యాంటీ రోల్ బార్ ఉంది, అంటే ఎడమ కుడి చక్రాలను కలిపి ఒరుగును తగ్గించే ఉక్కు కడ్డీ. దాని గట్టిదనం వ్యాసపు నాలుగో ఘాతాన్ని బట్టి పెరుగుతుంది; పది శాతం లావైతే 46 శాతం గట్టిపడుతుంది. అందుకే అందులో చిన్న అడుగులే వేయాలి. వెనకది మాత్రమే లావు చేసి ముందుది వదిలేస్తే కారు తోక తిప్పుతుంది, వానలో మరీను.

నీ కారు ముందు చక్రాలకు డబుల్ విష్‌బోన్ (చక్రాన్ని పైనా కిందా రెండు చేతులు పట్టుకునే ఏర్పాటు) ఉందా, స్ట్రట్ (కింద ఒక చేయి, పైన షాక్ అబ్జార్బరే చక్రాన్ని పట్టుకునే ఏర్పాటు) ఉందా కూడా చూసుకో. 1989లో వచ్చిన తొలి మజ్దా ఎమ్‌ఎక్స్-5కు నాలుగు చక్రాలకూ డబుల్ విష్‌బోన్ ఉంది. అలాంటి కారు కొద్దిగా దించితే ఓర్చుకుంటుంది. స్ట్రట్ ఉన్న కారును ఎక్కువగా దించితే అది ఒరిగే కేంద్రం (మలుపులో బాడీ ఏ బిందువు చుట్టూ ఒరుగుతుందో అది) కారు బరువు కేంద్రం కంటే ఎక్కువగా దిగిపోతుంది, దాంతో కిందికి దించిన కారే మలుపులో ఇంకా ఎక్కువగా ఒరగడానికి చూస్తుంది.

బిగింపు రోజున నువ్వు దగ్గరుండు. సస్పెన్షన్ చేతుల రబ్బరు బుష్షుల బోల్టులను చక్రాలు గాలిలో వేలాడుతుండగా చివరిదాకా బిగించనివ్వకు; కారు నాలుగు చక్రాల మీద నిలిచాకే బిగించాలి, లేకపోతే రబ్బరు ఎప్పుడూ మెలిపడే ఉండి త్వరగా చిరిగిపోతుంది. స్ట్రట్ పైనట్టును స్ప్రింగును నొక్కిపట్టే కంప్రెసర్ లేకుండా విప్పడం ప్రాణాంతకం, ఆ పని నువ్వు ఇంట్లో చేయవద్దు. కొత్త స్ప్రింగులు కొన్ని వందల కిలోమీటర్లు తిరిగి కుదురుకున్నాక అలైన్‌మెంట్ చేయించు. టో (పైనుంచి చూస్తే చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) తప్పితే టైరు లోపలి అంచు ఇట్టే అరుగుతుంది. హెడ్‌లైట్ల ఎత్తును కూడా మళ్లీ సరిచేయించు.

ఏ స్ప్రింగు అన్నది ఈ రోజే తేల్చకు. ప్రతి షాక్ అబ్జార్బరు కడ్డీకి, అది సిలిండరులోకి దిగే చోట, సన్నటి ప్లాస్టిక్ పట్టీ ఒకటి జారేలా బిగించు. దుమ్ము తొడుగు ఉంటే కాస్త పైకి జరుపు. నువ్వు రోజూ వెళ్లే దారుల్లో ఒక వారం తిరిగి, పట్టీ ఎక్కడిదాకా జరిగిందో, దానికీ బంప్ స్టాప్‌కూ మధ్య ఎన్ని మిల్లీమీటర్లు మిగిలిందో నాలుగు మూలలా కొలిచి రాసి పంపు. చక్రం మధ్య నుంచి మడ్‌గార్డు అంచుదాకా ఎత్తును కూడా కొలువు. ఆ ఎనిమిది అంకెలు నా చేతికి వచ్చాక నీ కారును ఎంత దించవచ్చో ఇద్దరం కూర్చుని లెక్క వేద్దాం.

ఆశీస్సులతో,
మావయ్య