గుట్టమీద బతికింది గట్టున ఎందుకు చచ్చింది?

ప్రశ్న: లంకమల గుట్టలమీద రాళ్ల సందుల్లో ఎర్రచందనం చక్కగా ఎదుగుతోంది. మా నల్లరేగడి పొలం గట్టున నాటితే మాత్రం వానాకాలంలో ఆకులు పసుపెక్కి చచ్చిపోయింది. బలమైన నేల దానికి సరిపడదా?
– ఒక రైతు, మైదుకూరు

జవాబు: మొక్కను చంపింది నేల బలం కాదు, బహుశా నిలిచిన నీరు. రేగడిలో బంకమన్ను ఎక్కువ కాబట్టి వాన పడగానే అది ఉబ్బి, వేళ్లకు గాలి అందకుండా చేస్తుంది. ఎండాకాలంలో నెర్రెలిచ్చి సన్నని వేళ్లను తెంచుతుంది. నల్లతుమ్మ ఈ రెండింటినీ ఓర్చుకుంటుంది గానీ ఎర్రచందనానికి మొదట్లో నీరు నిలిస్తే అసలు పడదు.

లంకమల, పాలకొండలు, శేషాచలం కొండల్లో క్వార్ట్‌జైట్, షేల్ శిలలు విస్తారంగా ఉన్నాయి. క్వార్ట్‌జైట్ శిథిలమైతే మిగిలేది ఇసుక, గులకరాళ్లే కనుక పైమన్నులో సారం తక్కువ. అయితే ఆ రాతికి పగుళ్లున్నచోట వాననీరు వాటివెంట లోపలికి దిగి, ఎండ తగలని లోతులో వాన వెలిశాక కూడా కొంతకాలం ఉంటుంది. వేరు ఆ పగులును అందుకున్న చెట్టు నిటారుగా లావెక్కుతుంది. నాలుగడుగుల అవతల పలకరాయిమీద మొలిచినది అదే వయసులో గిడసబారి ఉంటుంది. నారేపి మాను కూడా ఇలాగే లోతైన తల్లివేరుతో రాతినేలల్లో నెగ్గుకొస్తుంది.

వాలు సంగతి కూడా చూడాలి. దక్షిణం వైపు వాలుకు ఎండ ఎక్కువ తగిలి తేమ త్వరగా ఆరిపోతుంది. పైనుంచి కొట్టుకొచ్చిన మన్ను లోయల్లో పేరుకుంటుంది కనుక శేషాచలంలోనే తలకోన లోయలో పెద్ద పెద్ద మాన్లను అల్లుకున్న గిల్లతీగలు కనిపిస్తాయి. అలాంటి నీడలో ఎర్రచందనం నిలవలేదు, దానికి వెలుతురు బాగా కావాలి. రాళ్లంటే దానికి ప్రత్యేకమైన ఇష్టమేమీ లేదు. పోటీదారులు బలహీనపడేచోట అది తట్టుకుంటుంది, అంతే.

రాళ్లవల్లే చేవ, అంటే మాను లోపలి గట్టి ఎర్రచెక్క, వస్తుందనే మాటను కూడా పూర్తిగా నమ్మకండి. లోతైన నేలలో చెట్టు త్వరగా లావెక్కుతుంది. లేతవయసులో కొడితే అందులో తెల్లచెక్కే ఎక్కువ. చేవకు ముందు కావలసింది వయసు.

మళ్లీ నాటాలనుకుంటే వాలున్న ఎర్రనేలను ఎంచుకోండి. ముందుగా మోకాలి లోతు గుంత తీసి నీళ్లు నింపండి. మర్నాటికీ ఇంకకపోతే అక్కడ నాటవద్దు.