మెయిన్ ఆపితే చాలా?

ప్రశ్న: మా తమ్ముడు ఫైర్‌మ్యాన్‌గా ట్రైనింగ్‌లో ఉన్నాడు. కరెంటు ఉన్నచోట మంటలార్పడం అంటే ఇంట్లో అందరికీ టెన్షన్. వాడేమో ముందు మెయిన్ ఆపేస్తాం, ఇంకేం భయం అంటాడు. నిజమేనాండీ?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: మెయిన్ ఆపడం మొదటి పనే అమ్మా. కానీ అంతటితో ఇంట్లో కరెంటు పోయినట్టు కాదు. స్టేషన్ ఆఫీసరుగా ఉన్నప్పుడు కొత్త కుర్రాళ్లను ముందు మేడ మీదికి తీసుకెళ్లి సోలార్ ప్యానెళ్లు చూపించేవాణ్ణి. కింద స్విచ్ ఆపినా, ఎండ ఉన్నంతసేపూ ప్యానెళ్ల నుంచి ఇన్వర్టర్ దాకా వచ్చే వైర్లలో డీసీ కరెంటు ఉంటుంది. ఒక్కో ప్యానెల్‌ది 40, 50 వోల్టులే. ఎనిమిదింటిని వరసగా కలిపితే 300 దాటుతుంది. గొడ్డలితో పగలగొడితే ఆగిపోతుందనుకోవడం ప్రమాదం. 2024లో ఇళ్ల మీద సోలార్‌కు కేంద్రం సబ్సిడీ ఇచ్చే పీఎం సూర్యఘర్ పథకం వచ్చాక ఇలాంటి మేడలు ఎక్కువయ్యాయి. అందుకే ట్రైనింగ్‌లో ఈ పాఠానికి ఎక్కువ గంటలు ఇవ్వాలంటాను. మెట్ల కింద పెట్టుకునే బ్యాటరీ ఇన్వర్టరూ అంతే, మెయిన్ పోగానే తనే సప్లై అందుకుంటుంది. దాన్ని వెతికి విడిగా ఆపాలి.

తెగిపడిన 11 కేవీ (11 వేల వోల్టుల) తీగ దగ్గర తొందర అసలు పనికిరాదు. కరెంటు నేలలోకీ పాకుతుంది. అడుగు చాచి వేస్తే ఒక కాలికీ ఇంకో కాలికీ మధ్య వోల్టేజీ తేడా వచ్చి మనిషి కూలిపోతాడు. రెండు పాదాలూ దగ్గరగా పెట్టి, నేల మీంచి ఎత్తకుండా జరుపుకుంటూ దూరంగా రావాలి. ఇది బోర్డు మీద గీసి చెబితే వచ్చేది కాదు, గ్రౌండులో నడిపించాలి. సబ్‌స్టేషన్ నుంచి ఎల్‌సీ (లైన్ క్లియర్, అంటే లైనులో సప్లై ఆపేశామన్న అనుమతి) వచ్చిందని లైన్‌మన్ చెప్పి, తీగను నేలకు కలిపే ఎర్త్ రాడ్డు తగిలించేదాకా నీళ్లు కొట్టకూడదు. నిలబడి చూస్తున్నారేంటని చుట్టూ ఉన్న జనం తిడతారు. తిట్టనివ్వండి.

ఎలక్ట్రిక్ బండ్ల సంగతి వేరు. 2022 సెప్టెంబరులో సికింద్రాబాద్‌లో స్కూటర్ల షోరూమ్‌లో మంట లేచి, పొగ పైనున్న లాడ్జిలోకి ఎక్కి 8 మంది చనిపోయారు. లిథియం బ్యాటరీ పొగ విషం; బ్రీతింగ్ సెట్ (గాలి సిలిండరు, మాస్కు) లేకుండా లోపలికి పోకూడదు. మంట ఆరాక కూడా గంటల తర్వాత మళ్లీ అంటుకోవచ్చు. బాగా నీళ్లు పోసి చల్లార్చి, బండిని మిగతా వాటికి దూరంగా ఆరుబయట ఉంచాలి.

లైన్‌మన్లతో కలిపి డ్రిల్ పెట్టారా అని మీ తమ్ముణ్ణి అడగండి. పెట్టకపోతే, ఆఫీసర్ల అనుమతితో ఒక పూట దగ్గరి సబ్‌స్టేషన్‌కు వెళ్లి, ఎల్‌సీ ఎలా తీసుకుంటారో, లైనులో సప్లై ఆపే ఏబీ స్విచ్ ఎలా దించుతారో చూసి రమ్మనండి.