గోడకు రంగు వేయించే ముందు

చిరంజీవి సౌభాగ్యవతి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫోటోలు చూశాను. బడి కొత్త గదుల గోడ పగిలింది, స్లాబు కారుతోంది. కాంట్రాక్టరు నేలను తిడుతున్నాడు, పని చూసిన ఇంజనీరు ఏఈ గారు మీ వాడకాన్ని తిడుతున్నారు. ఊళ్లో పెద్దలేమో పంచాయతీ నిధులతో పూత పూయించి రంగు కొట్టించమంటున్నారు. సర్పంచువైన కొత్తలోనే ఇలాంటి తలనొప్పి వచ్చిపడింది.

తప్పు ఎవరిదన్న పంచాయితీ తర్వాత పెట్టుకోవచ్చు. ముందు కాంట్రాక్టరు హామీగా కట్టిన డిపాజిట్ ఇంకా పని చేయించిన ఇంజనీరింగు శాఖ చేతిలో ఉందా, వాపసు ఇచ్చేశారా అన్నది కనుక్కో. పని పూర్తయ్యాక కొంత కాలం వరకు బయటపడే లోపాలను కాంట్రాక్టరే సొంత ఖర్చుతో సరిచేయాలి. మన దగ్గర భవనాలకు అది సాధారణంగా రెండేళ్లు, మీ అగ్రిమెంటులో ఎంత రాశారో చూడు. ఆ గడువును రిబ్బను కత్తిరించిన రోజు నుంచి లెక్కపెట్టరు, రికార్డులో పని పూర్తయినట్లు రాసిన తేదీ నుంచి లెక్కపెడతారు. రెండింటికీ మధ్య నెలల తేడా ఉండవచ్చు. డిపాజిట్‌కు బదులు బ్యాంకు గ్యారంటీ ఇచ్చి ఉంటే దాని గడువు తేదీ కూడా రాసుకో. అది దాటిపోతే శాఖ చేతిలో ఇక మిగిలేది కోర్టు దారే.

కాబట్టి ఈ వారంలోనే పంచాయతీలో తీర్మానం చేసి, లోపాలన్నీ ఒక్కొక్కటిగా రాసి ఏఈకి పై అధికారి అయిన ఈఈ (ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు) కార్యాలయంలో ఇవ్వు. కాగితం అందినట్లు ఇన్‌వార్డు నంబరు వేయించుకోకుండా కదలకు. ఏఈ గారితో ఫోనులో ఎంతసేపు మాట్లాడినా అది ఫైలులోకి ఎక్కదు. నోటీసు అందినా కాంట్రాక్టరు రాకపోతే శాఖే ఆ పని చేయించి, ఖర్చును అతని డిపాజిట్ నుంచి మినహాయించుకోవచ్చు. ఇది ఒప్పందాల్లో మామూలుగా ఉండే షరతే. అయితే గడువులో కాగితం పెట్టినవారికే అది పనికొస్తుంది.

ఇక పగుళ్ల సంగతి. నాగులుప్పలపాడు వైపు నల్లరేగడి ఎలా ఉంటుందో నీకు చెప్పాలా? ఎండాకాలం చెయ్యి దూరేంత నెర్రెలు విచ్చి, కార్తీకం వానలకు ఉబ్బుతుంది. దానితోపాటు పునాదీ కదులుతుంది. కిటికీ మూల నుంచి ఏటవాలుగా పాకి, వేసవిలో విచ్చుకుని వానాకాలంలో కాస్త మూసుకునే పగులైతే అనుమానం నేల మీదికే పోతుంది. సాలెగూడులా పూత మీదే పరుచుకున్న సన్న పగుళ్లు వేరు. అవి చాలావరకు సరిగా నీళ్లు కొట్టని పూతవి, అంటే కాంట్రాక్టరు పనితనానివి.

ఏటవాలు పగులుకు అడ్డంగా సన్నని గాజు పలక ఒకటి సిమెంటుతో అతికించి, పక్కన గోడ మీద తేదీ రాయించు. పూత గీరేసి ఇటుక మీదే అతికించాలి. గోడ ఇంకా కదులుతుంటే గాజు చిట్లుతుంది. ఖర్చు లేని సాక్ష్యం ఇది. ఏఈ గారి ఎదుటే అతికించు, తర్వాత గొడవ ఉండదు.

ఇక్కడ కాంట్రాక్టరు పక్షాన ఒక మాట చెప్పాలి, నీకు నచ్చకపోయినా. నల్లరేగడిలో అండర్ రీమ్డ్ పైల్స్, అంటే లోతుగా దిగి అడుగున ఉబ్బెత్తుగా ఉండే కాంక్రీటు స్తంభాలు వేయాలి, లేదా ఆ మట్టి తీసేసి గ్రావెల్ నింపాలి. మట్టి పరీక్ష చేయించకుండా ఎస్టిమేటులో మామూలు పునాది చూపించి ఉంటే, డ్రాయింగులో ఉన్నట్లే కట్టినవాడిని ఏమనగలం? అప్పుడు బాధ్యత డిజైను ఇచ్చిన శాఖది. డ్రాయింగు సరిగా ఉండి, లోతు తగ్గించి కట్టాడా? అది కాంట్రాక్టరు నెత్తినే పడుతుంది, కొలతలు ఎం-బుక్‌లో (కొలతల పుస్తకంలో) రాసి బిల్లు పాస్ చేసినవారూ జవాబు చెప్పాలి. అందుకే మట్టి పరీక్ష నివేదిక, డ్రాయింగు, ఎం-బుక్ నకళ్లు అడుగు. ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టు. జిల్లా కార్యాలయమైతే 10 రూపాయల ఫీజు, 30 రోజుల్లో జవాబు రావాలి. ఆ చట్టం 2005లో వచ్చినా చాలామందికి తెలియని సంగతి ఒకటుంది: పనులను తనిఖీ చేసే హక్కు, వాడిన సామగ్రి నమూనాలు ధ్రువీకరించి తీసుకునే హక్కు కూడా అందులోనే ఉన్నాయి.

స్లాబు విషయంలో ముందు మీ ఇల్లు చక్కబెట్టుకోండి. నువ్వు పంపిన ఫోటోలో నీళ్లు పోయే గొట్టం నోట్లో వేపాకులు కనిపిస్తున్నాయి. అది బడివాళ్లు చూసుకోవలసిన పని, దాన్ని కాంట్రాక్టరు మీదికి తోస్తే మిగతా ఫిర్యాదు కూడా పలచబడిపోతుంది. ఆకులు తీయించి, స్లాబు మీద మట్టికట్ట వేసి ఒక రోజు నీళ్లు నిలబెట్టి చూడండి. అయినా కారితే క్వాలిటీ కంట్రోల్ వారిని పిలిపించి, కాంక్రీటును కొట్టి గట్టిదనం అంచనా వేసే హామర్ టెస్టు చేయించమని రాయి. అనుమానం బలపడితే కోర్ తీస్తారు, అంటే కాంక్రీటును గుండ్రంగా తొలిచి ముక్క తీసి పరీక్షిస్తారు. కాంక్రీటు పనులకు భారతీయ ప్రమాణమైన ఐఎస్ 456 ప్రకారం కోర్ల సగటు బలం నిర్దేశించిన దానిలో 85 శాతమైనా ఉండాలి, ఏ ఒక్కటీ 75 శాతానికి తగ్గకూడదు.

2019 నవంబరు 14న ఒంగోలులో మొదలుపెట్టిన, సర్కారు బడులను బాగుచేసే నాడు-నేడు పథకం కింద పనులను తల్లిదండ్రుల కమిటీల చేత చేయించారు. అలాంటి చోట పట్టుకోవడానికి కాంట్రాక్టరు డిపాజిట్టే ఉండదు. మీది టెండరు పని, ఆ చిక్కు లేదు.

ఆగస్టు పదిహేనుకల్లా గదులకు రంగు వేయించాలని హెడ్మాస్టరు గారు తొందరపెడుతున్నారన్నావు. మర్యాదగానే వద్దని చెప్పు. శాఖవారు వచ్చి చూసి, రాసుకుని, సంతకం పెట్టేదాకా ఆ గోడ మీద కుంచె పడకూడదు. పగులు పక్కన పెచ్చులు రాలుతుంటే మాత్రం పిల్లలను ఆ గదిలో కూర్చోబెట్టవద్దు, వరండాలో పాఠం చెప్పుకోమను.

ఈఈ గారికి రాసే ఉత్తరం చిత్తుప్రతి ఇచ్చేముందు నాకు పంపు, దిద్ది పెడతాను. ఫోటోలు మళ్లీ తీయించు, ఈసారి పగులు పక్కన స్కేలు పెట్టి.

మీ పెదనాన్న