పాత కంప్యూటర్‌ను అప్పుడే ఎవరికీ ఇవ్వకు

చిరంజీవి అమ్మలుకు,

పెద్దమ్మ ఆశీస్సులు. నువ్వు కొత్త కంప్యూటర్ కొన్నావనీ, పాటలన్నీ నీ అంతట నువ్వే అందులోకి మార్చుకుంటున్నావనీ, వచ్చే ఆదివారం పాతదాన్ని ఎవరికో ఇచ్చేస్తున్నావనీ మీ అమ్మ ఫోనులో చెప్పింది. ముందు మాటలు విని మురిసిపోయాను. స్పీకరు వైరు ఊడితే ముట్టుకోవడానికి కూడా జంకి నన్ను కేకేసిన పిల్లవి, ఇప్పుడు ఎవరినీ పిలవకుండా నీ పని నువ్వు చేసుకుంటున్నావు. ఆ చివరి మాట విన్నాక మాత్రం నాకు నిద్ర పట్టలేదు. ఆదివారం ఏమిటమ్మా? ఎవరు తరుముతున్నారు నిన్ను?

మీ అమ్మతో చెప్పి పంపితే సగం మరచిపోతుంది, మిగతా సగం తారుమారు చేస్తుంది. అందుకే రాస్తున్నాను.

తేలిక సంగతులు ముందు ముగించేస్తాను. ఒక ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ తీసుకుని పాటలను దానిలోకి, దాని నుంచి కొత్తదానిలోకి కాపీ చెయ్యి. కాపీ అన్నాను, కట్ అనలేదు. పాతది విండోస్, కొత్తది మ్యాక్ అయితే, ఆ డిస్క్ ఖాళీదని చూసుకుని రెండూ చదివి రాయగలిగే ఎక్స్‌ఫ్యాట్ అనే పద్ధతిలో ఫార్మాట్ చేసుకో. విండోస్ మామూలుగా వాడే ఎన్‌టీఎఫ్‌ఎస్ పద్ధతిలో ఉన్న డిస్క్‌ను మ్యాక్ చదువుతుంది కానీ, దాని మీద మామూలుగా ఏమీ రాయలేదు. చోటు ఎంత కావాలో అంచనా వేసుకో: 128 కేబీపీఎస్ ఎంపీ3 పాట నిమిషానికి సుమారు 1 ఎంబీ, కుదించకుండా సీడీ నాణ్యతలో దాచిన వేవ్ ఫైలు నిమిషానికి సుమారు 10 ఎంబీ. క్యాసెట్ల నుంచి ఎక్కించినవి వేవ్‌లో ఉంటే డిస్క్ కాస్త పెద్దదే తీసుకోవాలి.

ముందు సర్దుకుని తరవాత కాపీ చేద్దామని మాత్రం అనుకోకు. నీ సంగతి నాకు తెలుసు. పరీక్షకు చదవమంటే పుస్తకాలకు అట్టలు వేస్తూ కూర్చునేదానివి. రెండేసి ఉన్న పాటలు తీసేయడం, పేర్లు దిద్దడం, బొమ్మలు పెట్టడం, ఇవన్నీ కొత్త కంప్యూటర్‌లో తీరిగ్గా చేసుకోవచ్చు. పాత హార్డ్ డిస్క్ ఎప్పుడు మొరాయిస్తుందో చెప్పలేం. ఈ మూల నుంచి ఆ మూల దాకా దాన్ని ఏకబిగిన చదివించేది ఇలాంటప్పుడే. టక్ టక్ అని చప్పుడు మొదలైతే ఇక దానితో కుస్తీ పట్టకుండా వెంటనే ఆపి నాకు ఫోను చెయ్యి. అందుకే మళ్లీ ఎక్కడా దొరకనివి ముందు ఎక్కించాలి. సినిమా పాటలు పోతే పోయాయి, ఎక్కడో ఒకచోట దొరుకుతాయి.

ఇప్పుడు అసలు సంగతి. మీ పెదనాన్న పాటలు పోయాయని నువ్వు చిన్నప్పుడు విన్నావు కానీ, ఎలా పోయాయో నీకెవరూ చెప్పలేదు. చెప్పడం ఆయనకు ఇష్టం ఉండేది కాదు. ఇది రాస్తుంటే నా భుజం మీదుగా చదువుతున్నారు, రాయమని ఆయనే అన్నారు.

వాళ్ల అమ్మగారు పాడుతుండగా రికార్డు చేసిన క్యాసెట్లు ఒక పెట్టె నిండా ఉండేవి. వాటిని కంప్యూటర్‌లోకి ఎక్కించడానికి ఆయన పడ్డ పాట్లు నేను చూశాను. టేపు రికార్డరు నుంచి కంప్యూటర్‌కు ఒక వైరు వేసి, టేపు ఎంతసేపుంటే అంతసేపూ దగ్గర కూర్చోవాలి. సీ-90 క్యాసెట్ అంటే ఒక్కో వైపు 45 నిమిషాలు, అందులో తొందర పెట్టడానికేమీ ఉండదు. ఇంట్లో ఎవరమూ గట్టిగా మాట్లాడకూడదు. వైరులో నుంచి వచ్చే శబ్దానికి మా మాటలతో ఏం పని అని అడిగితే, తన చెవులకు పని అనేవారు. అంతా ఎక్కాక క్యాసెట్లు బూజు పట్టాయని పెట్టెతో సహా పారేశారు. అప్పుడు నేనూ అడ్డు చెప్పలేదు.

కొన్నాళ్లకు కొత్త కంప్యూటర్ వచ్చింది. రెండింటినీ ఇంట్లో నెట్‌వర్క్‌తో కలిపి, పాతదానిలోని పాటల ఫోల్డర్‌ను షేర్ చేసి, కొత్తదానిలోని ప్లేయర్‌కు ఆ ఫోల్డర్ చూపించారు. రెప్పపాటులో పాటల పేర్లన్నీ వరసగా వచ్చేశాయి. ఒకటి నొక్కితే మోగింది. ఇంకొకటి నొక్కితే అదీ మోగింది. వారం పాటు కొత్తదానిలోనే విన్నాం. అన్ని పాటలు అంత త్వరగా ఎలా వచ్చాయని ఆయనకు అనుమానం రాలేదు. కొత్త యంత్రం కదా, వేగంగా ఉందని మెచ్చుకున్నారు కూడా. ఆ తరవాత పాతదాన్ని ఫార్మాట్ చేసి, మళ్లీ విండోస్ ఎక్కించి, పైన దుమ్ము తుడిచి ఇవ్వడానికి పక్కన పెట్టారు.

ఆ రోజు సాయంత్రం కొత్తదానిలో పాటల పేర్లు ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి. ప్రతి పేరు పక్కనా ఒక ఆశ్చర్యార్థకం. ఒక్క పాట కూడా కొత్త కంప్యూటర్‌లోకి రాలేదమ్మా. ప్లేయర్ దగ్గర ఉన్నది చిరునామాల చీటీ మాత్రమే. వారం రోజులూ మోగింది పక్క గదిలోని పాత డిస్క్ నుంచి.

పోయిన ఫైళ్లను తిరిగి తీసే మనిషిని పట్టుకున్నాం. అది పాతకాలపు తిరిగే డిస్క్ కాబట్టి కొంతైనా దక్కింది. పైపైన చేసే క్విక్ ఫార్మాట్ అయితే, దాని మీద మళ్లీ వేరేది రాసేదాకా పాత డేటా అలాగే ఉంటుంది. కానీ కొత్తగా ఎక్కించిన విండోస్ కొంత చోటు ఆక్రమించేసింది. వచ్చిన ఫైళ్లకు పేర్లు లేవు, అంకెలే. ఎంపీ3 చిన్న చిన్న ముక్కలుగా ఉంటుంది కాబట్టి తల తెగినా తోక తెగినా మిగిలినది మోగుతుంది. అలా మోగిన ముక్కలను ఇద్దరం కూర్చుని వింటూ పేర్లు పెట్టాం. ఒకదానిలో పాట లేదు, "ఇది తిరుగుతోందా?" అని ఆవిడ అడగడం మాత్రం ఉంది. ఆయన ఆ ఫైలుకు ఏ పేరూ పెట్టలేదు, నన్నూ పెట్టనివ్వలేదు.

నీ పాత కంప్యూటర్‌లో ఉన్నది ఎస్‌ఎస్‌డీ, అంటే తిరిగే డిస్క్ లేకుండా చిప్‌లలో దాచుకునే డ్రైవ్ అయితే ఆ కాస్త ఆశ కూడా పెట్టుకోకు. ఫైలు తీసేశాక దాని చోటును డ్రైవ్ తనే తుడిచేసుకుంటుంది. ట్రిమ్ అంటారు దాన్ని. ఆ తరవాత ఎంత గొప్ప నిపుణుడైనా తీసేదేమీ ఉండదు.

కాబట్టి కాపీ అయిందని కంప్యూటర్ చెప్పగానే నమ్మకు. పాతదాన్ని ఆపేసి, ఎక్స్‌టర్నల్ డిస్క్ ఊడదీసి, కొత్తదానిలో వైఫై కూడా కట్టేసి అప్పుడు మోగించు. పైనున్న నాలుగూ విని సరిపెట్టుకోకుండా అక్కడక్కడా తీసి, పాట మధ్యలోకి జరిపి, చివరిదాకా జరిపి విను. ఫోల్డర్ ప్రాపర్టీస్‌లో ఫైళ్ల సంఖ్య, మొత్తం సైజు రెండు చోట్లా ఒకటేనా చూడు.

ఇదే మోసం వేరే వేషాల్లోనూ ఎదురవుతుంది. ఎం3యూ అని ఉండే ప్లేలిస్ట్ ఫైలులో పాటలు ఎక్కడున్నాయో రాసి ఉంటుంది, పాటలు ఉండవు. ఆడియో సీడీని విండోస్‌లో తెరిస్తే కనిపించే సీడీఏ ఫైళ్లు ఒక్కోటి 44 బైట్లు మాత్రమే, వాటిలోనూ పాట ఉండదు. వాటిని కాపీ చేసుకుని సీడీ మొత్తం వచ్చేసిందని సంబరపడినవాళ్లు నాకు తెలుసు. సీడీలో పాటలను రిప్ చేయాలి, అంటే ప్లేయర్‌తో చదివించి ఫైళ్లుగా మార్పించుకోవాలి, మామూలుగా కాపీ చేస్తే రావు. క్లౌడ్‌లో దాచినవి కొన్ని పేరు వరకే కంప్యూటర్‌లో కనిపిస్తాయి. డిస్క్ మీద సైజు సున్నా అని ఉంటే అది ఇంకా దిగలేదన్నమాట. నెలకు ఇంతని కట్టి వినే యాప్‌లో డౌన్‌లోడ్ చేసుకున్నవి ఆ యాప్‌కు తప్ప ఎవరికీ పనికిరావు, వాటి కోసం వెతుక్కుంటూ సమయం పాడుచేసుకోకు.

ఐట్యూన్స్ వాడుతున్నావు కదా, కాపీకి ముందు అందులో కన్సాలిడేట్ ఫైల్స్ అనే పని చేయించు. ఎక్కడెక్కడో పడి ఉన్న పాటలను తన ఫోల్డర్‌లోకి కాపీ చేసుకుంటుంది. తరవాత ఐట్యూన్స్ ఫోల్డర్ మొత్తాన్ని ఎత్తుకెళ్లు. నువ్వు ఇచ్చిన నక్షత్రాలు, ఏ పాట ఎన్నిసార్లు విన్నావన్న లెక్క పాటల ఫైళ్లలో ఉండవు, లైబ్రరీ ఫైలులో ఉంటాయి.

ఇంకొక్కటి చెప్పాలి. కాపీ చేసేటప్పుడు అదే పేరుతో ఇంకో ఫైలు ఉంది, దాని స్థానంలో ఇది పెట్టమంటావా అని అడిగితే, విసుగుపడి "అన్నిటికీ అవును" అనకు. పేరు తెలియని సీడీ నుంచి తీసిన ప్రతి పాటకూ "ట్రాక్ 01", "ట్రాక్ 02" అనే పేర్లే వస్తాయి. అన్నీ ఒకే ఫోల్డర్‌లో పోస్తే ఒకదాన్ని ఇంకొకటి చెరిపేసుకుంటూ పోతాయి. ఏ సీడీది ఆ ఫోల్డర్‌లోనే ఉండనివ్వు.

ఇదంతా ఎందుకు ఇంత గొడవగా రాస్తున్నానో ఈపాటికి నీకు అనుమానం వచ్చే ఉంటుంది. మీ అమ్మమ్మ పాడినవి కొన్ని సీడీలో రాసి నీకు ఇచ్చాను, గుర్తుందా? నువ్వు వాటిని నీ కంప్యూటర్‌లో ఎక్కించుకుని సీడీ నాకు తిరిగి ఇచ్చావు. మొన్న బయటికి తీస్తే అది తెరుచుకోవడం లేదు. ఇంట్లో రాసుకున్న సీడీల్లో రంగు పొర ఉంటుంది, ఏళ్లు గడిస్తే అది పాడవుతుందట. ఇంకో డ్రైవ్‌లో పెట్టి చూశాం, అక్కడా అంతే. క్యాసెట్ మీ మామయ్య దగ్గర ఉందనుకున్నాను, తన దగ్గర లేదంటున్నాడు. నీ పాత కంప్యూటర్‌లో ఉన్నవి తప్ప ఇక మనకు లేవు తల్లీ. అవి పాటల ఫోల్డర్‌లో ఉంటాయన్న నమ్మకం కూడా నాకు లేదు. డెస్క్‌టాప్, డౌన్‌లోడ్స్, డాక్యుమెంట్స్ అన్నీ వెతుకు. "ట్రాక్ 03" అనో "అన్‌టైటిల్డ్" అనో ఉన్నవాటిని వినకుండా తీసేయవద్దు. దొరకగానే వాటిని అన్నిటికంటే ముందు కాపీ చేసి, ఒక కాపీ నాకూ పంపించు. మీ అమ్మకు ఈ సంగతి ఇంకా చెప్పలేదు.

ఆదివారం మాట మరచిపో. పాతదాన్ని ఒక నెల అలాగే అటక మీద ఉంచు. తీసుకునేవాళ్లు ఏమైనా అనుకుంటే మా పెద్దమ్మ వద్దంది అని నా పేరు చెప్పెయ్యి, నాకేం ఫరవాలేదు.

ఆశీస్సులతో,
పెద్దమ్మ

తా.క.: మీ పెదనాన్న ఇంకో మాట చేర్చమంటున్నారు. పాతదాన్ని ఇచ్చే ముందు అందులో ఐట్యూన్స్ తెరిచి, ఆ కంప్యూటర్‌ను డీఆథరైజ్ చెయ్యి, అంటే నీ ఖాతాలో దానికి ఇచ్చిన అనుమతి తీసెయ్యి. ఒక ఖాతాకు 5 కంప్యూటర్లే ఒప్పుకుంటారు. 2009కి ముందు అక్కడ కొన్న పాటల్లో చాలావాటికి అనుమతి లేని కంప్యూటర్‌లో మోగనివ్వని తాళం ఉంటుంది, అవి కొత్తదానిలో మోగాలంటే దాన్ని ఆథరైజ్ చేయాలి.