వాంగ్ తాడు మర్చిపోకు, తల్లీ

చిన్నీ,

నువ్వు ఒక్కదానివే డింగీ, అదే చిన్న తెరచాప పడవ, నడపబోతున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. చెప్తుంటే దాని గొంతు వణికింది. నాకు ఛాతీ పొంగింది గానీ, ఫోన్ పెట్టేశాక రాత్రంతా నిద్ర పట్టలేదు. విసుక్కోకుండా చదువు.

లైఫ్ జాకెట్, డ్రెయిన్ ప్లగ్, ఒడ్డున ఒకరికి చెప్పి బయల్దేరడం, ఇవి నీకు తెలిసినవే.

పడవ ఐఎల్‌సీఏ, ఒక్కరే నడిపే రకం, అన్నావు కదా, ముందు 6 రకం తెరచాపే కట్టు. అది 5.76 చదరపు మీటర్లు, 7 రకం 7.06. పెద్దది కట్టడం గొప్పేమీ కాదు. గాలి వేగం రెట్టింపైతే తెరచాప మీద ఒత్తిడి నాలుగింతలవుతుంది, 8 నాట్స్‌లో (నాట్ అంటే గంటకు దాదాపు 1.85 కిలోమీటర్లు) బుద్ధిగా ఉన్న పడవ 16లో నీ మాట వినదు.

5 నాట్స్ లోపు గాలికి ముందుకి జరిగి, పడవ మధ్యలోంచి నీళ్లలోకి దిగే పలక ఉంటుందే, ఆ డాగర్‌బోర్డ్ పక్కనే కూర్చో, పడవని తెరచాప వైపు కాస్త వాల్చు, అప్పుడు తెరచాప తన బరువుకే ఆకారం తెచ్చుకుంటుంది. షీట్, అదే తెరచాపని లోపలికి లాగే తాడు, బిగలాగకు. ఊరికే కదలకు. నీళ్ల మీద తెల్ల నురగలు తరచుగా కనిపిస్తున్నాయంటే గాలి 11 నాట్స్ దాటినట్టే, ఇక పడవ ఒరగకుండా ఒళ్లు బయటికి వాల్చి ఆపాలి. ఇంకా పెరిగితే తెరచాప అడుగు అంచుని లాగే ఔట్‌హాల్, ముందు అంచుని కిందికి లాగే కన్నింగ్‌హామ్, ఈ రెండు తాళ్లూ గట్టిగా లాగు. కన్నింగ్‌హామ్ లాగితే తెరచాప పైభాగం తెరుచుకుని అదనపు గాలి జారిపోతుంది.

ఇక వాంగ్, తెరచాప అడుగున ఉండే అడ్డకర్రని, అదే బూమ్‌ని, కిందికి లాగి పట్టే తాడు. నేను పడవతో సహా పడ్డ రోజు 18 నాట్స్ గాలి. ఎదురుగాలిలో వాంగ్ బిగదీసి నడిపాను, అంతవరకు సరే. నీళ్లలో తేలే గుర్తు, బోయా, దగ్గర గాలివాటానికి తిప్పేటప్పుడు దాన్ని వదలడం మర్చిపోయాను. వాంగ్ బిగువుగా ఉంటే బూమ్ పైకి లేవదమ్మా. షీట్ వదిలాను, పడవ ఒరిగింది, బూమ్ కొస నీళ్లలో గుచ్చుకుంది, తెరచాప బయటికి పోలేక పడవ గిర్రున తిరిగి పడిపోయింది. అరచెయ్యి మండిపోతూ షీట్ జారిపోయింది. తలెత్తేసరికి పడవ రెండు బారల దూరంలో ఉంది. పక్కకి పడ్డ పడవని గాలి ఎంత జోరుగా తోసుకుపోతుందో అప్పుడే చూశాను, చేతులు పీకేలా ఈదినా దూరం పెరిగిందే గానీ తగ్గలేదు. చివరికి అది పూర్తిగా తలకిందులై, తెరచాప స్తంభం, మాస్ట్, నీళ్లలో అడ్డుపడి నెమ్మదించింది కాబట్టి అందింది. డాగర్‌బోర్డ్ పట్టుకుని అలాగే ఉండిపోయాను, పైకెక్కడానికి కాళ్లు రాలేదు. ఈ సంగతి మీ అమ్మకి ఇప్పటికీ చెప్పలేదు, నువ్వూ చెప్పకు.

అందుకని, తిప్పడానికి ముందే వాంగ్ వదులు. అలాగని మొత్తం వదిలేస్తావేమో, నీ తొందర నాకు తెలియదా! అప్పుడు తెరచాప పైభాగం ముందుకి మెలితిరిగి పడవ నీ మీదకే ఒరుగుతుంది, అది ఇంకా ఘోరం. పడిపోతే మాత్రం చుక్కాని పిడి టిల్లర్ పోనీ, టోపీ పోనీ, షీట్ వదలకు. పదిసార్లు చెప్పానని కోప్పడినా సరే, వదలకు తల్లీ.

ఎంత వదలాలో తక్కువ గాలి రోజున ఒడ్డు దగ్గరే చూసుకుని, వాంగ్ తాడు మీద నల్ల మార్కర్‌తో గీత పెట్టు, తడి చేత్తో లాగుతున్నప్పుడు కూడా కంటికి ఆనేలా. పెట్టాక ఫోటో తీసి నాకు పంపు.

మీ మావయ్య