లైటు వేస్తే షుగర్ పుండు మానుతుందా?

ప్రశ్న: మా నాన్నగారికి 62 ఏళ్లు. పదిహేనేళ్లుగా షుగర్ ఉంది. అరికాల్లో, బొటనవేలి మొదట్లో పుండు పడి మూడు నెలలైంది. యాంటీబయాటిక్స్ రెండు కోర్సులు వాడినా మానలేదు. లైటుతో క్రిములను చంపి పుండు మాన్పుతారని విన్నాం. ఆన్‌లైన్‌లో దొరికే ఎర్ర లైటు పరికరం కొనమంటారా?

జవాబు: ఇప్పుడే కొనకండి. మీరు విన్నది అబద్ధం కాదు గానీ, అందులో రెండు వేర్వేరు చికిత్సలు కలిసిపోయాయి.

క్రిములను చంపేది ఫొటోడైనమిక్ థెరపీ. అందులో లైటు ఒక్కటే ఉంటే సరిపోదు. పుండు మీద మిథిలీన్ బ్లూ లాంటి రంగు మందు పూసి, అది బ్యాక్టీరియాకు పట్టేదాకా కొన్ని నిమిషాలు ఆగి, అప్పుడు ఎర్ర కాంతి వేస్తారు. కాంతిని పీల్చుకున్న మందు పక్కనున్న ఆక్సిజన్‌ను రెచ్చగొడుతుంది. అది బ్యాక్టీరియా పొరను, ప్రొటీన్లను, డీఎన్ఏను కలిపి దెబ్బతీస్తుంది. అందుకే యాంటీబయాటిక్స్‌కు మొండికేసిన క్రిములు కూడా దీనికి చస్తాయి. ఇదేమీ నిన్నమొన్నటి ఆలోచన కాదు. అక్రిడిన్ అనే రంగు కలిపిన నీళ్లలో సూక్ష్మజీవులు వెలుతురు తగిలితే చస్తున్నాయని 1900లోనే మ్యూనిక్‌లో ఆస్కార్ రాబ్ అనే వైద్య విద్యార్థి వెల్లడించాడు. చిక్కల్లా ఆ కాంతి కొన్ని మిల్లీమీటర్లకు మించి లోపలికి పోకపోవడమే. లోతున పట్టిన చీము, ఎముకకు పాకిన ఇన్ఫెక్షన్ దానికి అందవు.

మీరు కొనాలనుకునే పరికరంలో రంగు మందు ఉండదు కాబట్టి, దాన్ని క్రిములను చంపే చికిత్సగా నమ్ముకోవద్దు. ఉత్త ఎర్ర కాంతిని కణాలను చురుకు చేయడానికి వాడతారు. కొందరికి మేలు కనిపించినా, ఎంత మోతాదులో ఎన్నిసార్లు వేయాలన్నది ఇంకా ఒక కొలిక్కి రాలేదు.

నాకు టెన్షన్ పుట్టిస్తున్నది పుండు ఉన్న చోటు. అడుగేసిన ప్రతిసారీ బరువంతా అక్కడే పడుతుంది. షుగర్ వల్ల స్పర్శ తగ్గి ఉంటే నొప్పి తెలియదు, ఆయన మామూలుగానే నడిచేస్తుంటారు. పొద్దున పట్టిన లేత చర్మం సాయంత్రానికి నలిగిపోతుంది.

ఈ వారంలోనే సర్జన్‌కు చూపించండి. సన్నటి స్టీలు పుల్లను పుండులోకి పోనిచ్చి చూస్తారు. అడుగున గట్టిగా తగిలితే ఎముకకు ఇన్ఫెక్షన్ ఉందని అనుమానించాలి. కాలికి రక్తం ఎంత అందుతోందో డాప్లర్‌తో తెలుస్తుంది. చచ్చిన కండ తీసేయించి, పాదం మీద బరువు పడకుండా ప్రత్యేకమైన కట్టు గానీ చెప్పులు గానీ వాడాలి. షుగర్ అదుపులో ఉండాల్సిందే. ఇవన్నీ చేసినా నాలుగు వారాల్లో పుండు సగానికి తగ్గకపోతే, అప్పుడు వీటికి తోడుగా లైటు చికిత్స పనికొస్తుందేమో అడగండి.

వేలు నల్లబడినా, ఎరుపు పైకి పాకినా, జ్వరం వచ్చినా అపాయింట్‌మెంట్ దాకా ఆగకుండా ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి.